ఏడు గంటల వార్తలు

9 ఫిబ్రవరి 2024, శుక్రవారం

పి.వి.కి భారతరత్న. చరణ్ సింగ్‌కూ, స్వామినాథన్‌కూ కూడా. మధ్యాహ్నం కబురు తెలిసింది. బులెటిన్ అంతా మళ్లీ రాసుకున్నాం. మన ఆదోని కేబుల్‌కు ఢిల్లీ వార్త ఎందుకని కెమెరా అబ్బాయి అన్నాడు. నంద్యాల అప్పుడు మన జిల్లా కాదా మరి? 1991లో ప్రధాని అయినాక ఎంపీ కావడానికి పి.వి. వచ్చింది అక్కడికే. 5.8 లక్షల పైన మెజారిటీ.

ఆ తర్వాతి కథ రెండు వాక్యాలు రాశాను. 1996లో దిగారు. కేసులు, కోర్టులు. 2000లో శిక్ష పడింది, 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. 2004 డిసెంబర్ 23న పోయారు. భౌతిక కాయాన్ని పార్టీ ఆఫీసు లోపలికి తీసుకుపోనివ్వలేదు.

సార్ పెన్నుతో కొట్టేశారు. మంచి రోజున అవన్నీ ఎందుకమ్మా అన్నారు.

ఇన్నేళ్లు ఎందుకు ఆగిందో చెప్పకుండా, ఇవాళ వచ్చిందని మాత్రం చెప్తే ఎట్లా?

10 ఫిబ్రవరి, శనివారం

తాత నా వార్తలు చూడడు, వింటాడు. కంటి పొర ముదిరింది. ఆపరేషన్ మాటెత్తితే లేచిపోతాడు.

"పి.వి. గురించి బాగా చదివినావు పాపా," అన్నాడు. కాసేపు ఊరుకుని, "ఈ మధ్య టీవీల్లో గొంతు వింటేనే తెలిసిపోతాది. ఆయప్ప కుర్చీలో ఉండాడా, దిగినాడా అని. పేరు కూడా వినబన్లే."

రాత్రి కళ్లు మూసుకుని పెద్ద ఛానళ్ల బులెటిన్లు వరసగా విన్నాను. నిజమే. పదవిలో ఉన్న పేరు దగ్గర గొంతు లేస్తుంది. పదవి పోయిన పేరు దగ్గర వేగం పెరుగుతుంది.

చావిడి మీద పంచాయతీ రేడియో మోగే రోజుల్లో ఇట్లా లేదంటాడు. పన్యాల రంగనాథరావు గారి గొంతులో గెలిచినాయన, ఓడినాయన ఒకటేనంట.

14 ఫిబ్రవరి, బుధవారం

సంజీవయ్య జయంతి. కర్నూలు నుంచి విజువల్స్. విగ్రహం, దండలు, నలుగురు నాయకులు. 40 సెకన్లు ఇచ్చారు.

1921లో పెద్దపాడులో పుట్టారు. 38 ఏళ్లకు ముఖ్యమంత్రి. దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి. 1960 జనవరి నుంచి 1962 మార్చి దాకా. దిగిన ఏడాదే కాంగ్రెస్ అధ్యక్షుడు, తర్వాత కేంద్రంలో కార్మిక మంత్రి. 1972 మేలో పోయేనాటికి మళ్లీ పార్టీ అధ్యక్షుడే. ముఖ్యమంత్రి కుర్చీ దిగినాక ఇంకో పదేళ్ల పని.

హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ గట్టున ఆయన పార్కు. అదే గట్టు మీద పి.వి. సమాధి. ఇక్కడ గాజులదిన్నె ప్రాజెక్టుకు ఆయన పేరే పెట్టారు. ఎమ్మిగనూరు వైపు జనం ఇంకా గాజులదిన్నె అనే అంటారు.

రాష్ట్రంలో ముసలివాళ్ల పింఛను మొదలుపెట్టింది ఆయనే. జేజికి చెప్పాను.

"ఎవురు ఆయప్ప?"

చెప్పాను.

"ఉండాడా?"

లేడు జేజీ, నేను పుట్టకముందే పోయినాడు.

"అట్లయితే ఆయప్ప పేరు ఇంకోసారి చదువు తల్లీ. నేను సరిగ్గా వినలే."

2 మార్చి, శనివారం

పత్తికొండ మార్కెట్లో టమాటా ధర మొదటి వార్త కావాలన్నాను. అయింది.

ఊరి నుంచి ఆదోని దాకా బస్సులో స్క్రిప్టు నోట్లోనే చదువుకుంటా. ఆస్పరి దాటేసరికి రెండుసార్లు అవుతుంది. హొళగుంద, హాలహర్వి, కౌతాళం, పెద్దకడబూరు. ఊరి పేరు తప్పు పలికితే ఆ ఊరు తర్వాతి మాట వినదు. కొత్తగా చేరిన అమ్మాయికి ఇదొక్కటే గట్టిగా చెప్పాను. అంకెలు తడబడితే సరిదిద్దుకోవచ్చు. ఊరిని, మనిషిని తడబడి పలికితే అవమానం.

పక్క సీట్లో ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు. ఫోన్ మాట్లాడాక తిరిగి చూసింది. "ఏడు గంటలకు వార్తలు చెప్పేది నువ్వే గదమ్మా?"

ముఖం కాదు. గొంతు.

16 మార్చి, శనివారం

ఎన్నికల షెడ్యూల్ వచ్చేసింది. మే 13 పోలింగ్, జూన్ 4 లెక్కింపు. కోడ్ అమల్లోకి.

సాయంత్రానికే విగ్రహాలకు ముసుగులు. శిలాఫలకాల మీద కాగితాలు అంటిస్తున్నారు. బస్సు కిటికీ లోంచి చూస్తూ వచ్చాను. ఒక్క పూటలో ఎన్ని పేర్లు మాయమయ్యాయో.

మా ఊరి బడి గోడకు తాత పేరున్న పలక ఒకటి ఉంది. 1984. ఆ గది కట్టించినప్పుడు ఆయన సర్పంచు. సున్నం మీద సున్నం పడి అక్షరాలు పూడిపోయాయి. దానికి కాగితం అంటించే పని పడలేదు ఎవరికీ. గదిలో మాత్రం ఇంకా మూడో తరగతి నడుస్తోంది.

5 ఏప్రిల్, శుక్రవారం

శాంతి స్వరూప్ గారు పోయారు.

1983 నవంబర్ 14. హైదరాబాద్ దూరదర్శన్‌లో మొదటి తెలుగు వార్తలు చదివింది ఆయనే. ప్రాంప్టర్ లేదు. చేతిలో కాగితాలు. కళ్లు ఒక క్షణం కిందికి, మిగతా వాక్యమంతా జనం వైపు. ఏళ్లకేళ్లు అట్లాగే చదివారు.

2011లో రిటైరయ్యారు. పదమూడేళ్లు. ఈ పదమూడేళ్లలో ఆయన బజారుకు పోతే ఎంతమంది గుర్తుపట్టారో. భోపాల్ విషవాయువు మీద నవల రాశారని నాకు ఇవాళే తెలిసింది. పేరు 'రాతిమేఘం'. వేల చావుల వార్త చదివే గొంతు వణకకూడదు. ఆ వణుకు నవలలోకి పోయిందేమో.

తాతకు చెప్పాను. అప్పట్లో ఊళ్లో ఒక్క ఇంట్లోనే టీవీ అంట. వాకిలి నిండా జనం. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించిన రోజులు గుర్తు చేసుకున్నాడు. నెల తిరిగేసరికి మళ్లీ ఎక్కించిన రోజులు కూడా.

"దించినారని విన్న్యాం. ఎక్కినాడని విన్న్యాం. అంతే. మనసులో ఏముండాలో వార్తలు చదివేటోళ్లు చెప్పల్యా. మేమే చూసుకున్న్యాం."

ఇవాళ లాప్‌టాప్ మూసేసి కాగితాలు చూసి చదివాను. ఎవరికీ చెప్పలేదు.

21 ఏప్రిల్, ఆదివారం

ఎండ. కరెంటు లేదు. జేజి గుమ్మంలో కూచుని మాట్లాడింది. ఇన్నేళ్లలో ఆమె ఈ సంగతి చెప్పడం ఎప్పుడూ వినలేదు.

తాత సర్పంచుగా ఉన్నన్నాళ్లూ పొద్దున లేస్తే టీ గ్లాసులు కడగడమే ఆమె పని. వాకిట్లో అరుగు ఖాళీ ఉండేది కాదు. 1995లో దిగిపోయినాడు. తెల్లారి రెండు గ్లాసులే.

"మొదట్లో నాలుగు గ్లాసులెక్కువే పెట్టేదాన్ని. ఎవురన్నా వస్తారేమోనని. కొన్నాళ్లకు పైన అటకెక్కించినా."

తాత ఏమన్నాడు జేజీ అప్పుడు?

"ఏమంటాడు. బోరింగు కాడికి పోయి కూచునేటోడు. ఆయప్ప వేయించిందే గదా. నీళ్లు వస్తాండాయా లేదా అని."

తర్వాత కోట్ల విజయభాస్కరరెడ్డి మాట వచ్చింది. 1993 అక్టోబర్‌లో సారా ఆపించినాడని ఆమెకు గుర్తు. 1994లో పోయింది ముఖ్యమంత్రి కుర్చీ. 1996లో మళ్లీ కర్నూలు ఎంపీ. 2001లో పోయారు. ఎన్ని పదవులు చేశారో జేజికి తెలీదు. సారా ఆగిన నెల తెలుసు.

ఒక మనిషి దిగిపోయినాక ఎవరి దగ్గర ఏది మిగులుతుందో ముందుగా ఎవరు చెప్పగలరు?

13 మే, సోమవారం

పోలింగ్. మా పని పొద్దున ఆరింటికి మొదలైంది, రాత్రి పదకొండు దాకా. బూత్‌ల దగ్గర చీకటి పడినా వరసలు తగ్గలేదు. గొంతు బొంగురుపోయింది. వేడినీళ్లు, మిరియాలు.

చెవిలో సార్ ఒకటే మాట. "ఎవరు గెలుస్తారో సూచనగా చెప్పు, సూచనగా." చెప్పలేదు. ఎంతమంది ఓటేశారో, ఎక్కడ మిషన్ ఆగిందో, ఎంతసేపు ఆగిందో, అదే చెప్పాను.

4 జూన్, మంగళవారం

కూటమికి 164. వైఎస్సార్సీపీకి 11.

పత్తికొండ కె.ఇ. శ్యామ్‌కుమార్. ఎమ్మిగనూరు జయనాగేశ్వరరెడ్డి. ఆదోనిలో బీజేపీ, పార్థసారథి. ఆ గాలిలోనూ ఆలూరు, మంత్రాలయం వైఎస్సార్సీపీ వైపే నిలబడ్డాయి. మంత్రాలయంలో బాలనాగిరెడ్డి గెలిచారు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు, ఆదోనిలో సాయిప్రసాద్‌రెడ్డి, గుంతకల్లులో వెంకట్రామిరెడ్డి, ఓడిపోయారు. ఒకే ఇల్లు. ఒకే రోజు. ఈ రాత్రి ఆ ఇంట్లో ఏం మాట్లాడుకుంటారో.

రౌండు రౌండుకూ అంకెలు వస్తున్నాయి. మధ్యాహ్నానికి ఒకటి గమనించాను. స్టూడియోలో అందరూ పొద్దున ఒక పేరుకు "గారు" అంటున్నారు. మూడింటికల్లా అది ఊడిపోయింది. ఎవరూ చెప్పలేదు. దానంతట అదే.

నేను అన్ని పేర్లకూ చివరిదాకా "గారు" చదివాను.

5 జూన్, బుధవారం

బయట బాణసంచా. లోపల సార్ కొత్త లెక్క చెప్పారు. ఇకనుంచి ఓడినోళ్ల సంగతులు అవసరమైతేనే. ప్రకటనలు ఎటు నుంచి వస్తాయో తెలుసు కదమ్మా అన్నారు. తెలుసు. జీతాలు ఎట్లా వస్తాయో కూడా తెలుసు.

పాత మండలాధ్యక్షుడు ఒకాయన వచ్చి కూచున్నాడు. ఎప్పుడో పదవి అయిపోయింది ఆయనకు. తుంగభద్ర దిగువ కాలువ, ఎల్లెల్సీ, చివరి ఆయకట్టుకు నీళ్లు రావట్లేదని చేత్తో రాసిన కాగితం తెచ్చాడు. ఫొటో దిగలేదు. చదివితే చాలన్నాడు. సార్ ఆ కాగితం పక్కన పెట్టేశారు.

దాన్ని నా సంచిలో వేసుకున్నాను. పంపిణీ కాలువలు, తూముల నంబర్లు, ఎకరాలు. పోయిన వేసవిలో ఏ ఊరి చెరువు ఎన్నో తారీఖున ఎండిందో. ఏ ఆఫీసు రాయించలేదు ఈ కాగితం.

8 జూన్, శనివారం

రామోజీరావు గారు పోయారు. పొద్దున నుంచి అదే.

ఆయన ఈటీవీ 1995 ఆగస్టు 27న మొదలైంది. ఆ వారంలోనే ఎన్టీఆర్ కుర్చీ కదిలింది. సెప్టెంబర్ 1న చంద్రబాబు ముఖ్యమంత్రి. 1996 జనవరి 18న ఎన్టీఆర్ పోయారు. దిగినాక 5 నెలలు కూడా లేరు. ఆ రోజుల్లో మన ఇళ్లల్లోకి రోజంతా టీవీ వచ్చింది, ఆయన వెళ్లిపోయారు. సినిమాల్లో అంతకాలం జనం కళ్ల ముందున్న మనిషికి ఆ 5 నెలలు ఎట్లా గడిచాయి? పగలు ఎవరొచ్చేవారు? రాత్రి టీవీలో తన పేరు ఎట్లా వినిపించేది?

బులెటిన్ అయినాక మైకు తీయకుండా కాసేపు కూచున్నాను. లైటు ఆపుతామన్నారు. లేచాను.

23 జూన్, ఆదివారం

వానలు పడ్డాయి. జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల వేట. బస్సులు దిగి వస్తున్నారు జనం, పిల్లల్ని చంకన వేసుకుని. ఎక్కడెక్కడి నుంచో.

తాతను నీలం సంజీవరెడ్డి గురించి అడిగాను. 1969లో రాష్ట్రపతి ఎన్నికలో ఓడిపోయారు, వి.వి. గిరి చేతిలో. సొంతూరు ఇల్లూరు వచ్చి వ్యవసాయం చేసుకున్నారు. ఏళ్ల తర్వాత మళ్లీ కదిలారు. 1977లో నంద్యాల. ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాలు, 41 కాంగ్రెస్‌కే. ఆయనొక్కరే జనతా. ఆ ఏడే రాష్ట్రపతి.

"సేద్యానికి పోయినప్పుడు ఆయప్పను ఎవురూ అడగలే. రాష్ట్రపతి అయినాక ఇల్లూరు యాడుండాదని అడిగిరి," అన్నాడు తాత.

నువ్వు దిగినప్పుడు నీకు ఎట్లుండె తాతా?

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "నా కాడికి రానోళ్ల మీద కోపం లేదు పాపా. వాళ్ల పని అయిపోయింది. నా పనే అయిపోలేదు."

6 జూలై, శనివారం

మన్రో పోయింది ఇవాళే. 1827 జూలై 6, పత్తికొండలో. కలరా.

చిన్నప్పుడు బడిలో ఒక వాక్యం చదివి మర్చిపోయాను. ఇప్పుడు మళ్లీ చదువుతుంటే వేరుగా ఉంది. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల ప్రధాన కలెక్టరు. 1820లో మద్రాసు గవర్నరు. దిగిపోతానని అడిగారు. తర్వాతి గవర్నరు రావాలి. ఆ మధ్యలో, ఇంగ్లండుకు ఓడెక్కే ముందు, తాను కలెక్టరుగా తిరిగిన ఊళ్లను ఇంకోసారి చూడాలని వచ్చారు. ఎండలోనే బయలుదేరారు. గుత్తి దాటి ఇక్కడికి వచ్చేసరికి ఆగిపోయింది.

ముందు గుత్తిలో పాతారు. 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి మార్చారు. పత్తికొండలో ఆయన జ్ఞాపకంగా సర్కారు బావి తవ్వించి తోపు నాటించింది. రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేవాళ్లు. మంత్రాలయంలో ఆయన కథ ఇప్పటికీ చెప్తారు.

పరాయి రాజ్యం తరఫున పన్ను వసూలు చేసినవాడు. అది మర్చిపోకూడదు. అయినా రైతు పేరున పట్టా రాసినవాడు. దిగేముందు మనుషుల్ని చూసుకోవాలనుకున్నవాడు.

ఒక నిమిషం వార్త రాశాను. సార్ చదివి, "ఇది వార్తా?" అన్నారు. పత్తికొండ వార్త సార్, అన్నాను. వెళ్లింది.

11 ఆగస్టు, ఆదివారం

నిన్న రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. గొలుసు తెగింది.

33 గేట్లలో ఒకటి. దాని మీద ఒత్తిడి తగ్గించడానికి మిగతావి ఎత్తి నీళ్లు వదిలేస్తున్నారు. నిండిన డ్యాం. ఎల్లెల్సీ కింద ఆదోని, ఎమ్మిగనూరు మొత్తం ఆ నీళ్ల మీదే. తాగేదీ అవే.

సెలవు రోజు. పరుగెత్తుకు వచ్చాను. కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం. నది ఒడ్డు ఊళ్ల పేర్లు గంట గంటకూ చదివాను. నిదానంగా. ఏ ఊరూ జారిపోకుండా. పశువుల్ని నది దగ్గరికి తోలొద్దని ప్రతిసారీ చివర్లో.

సార్ కూడా రాత్రంతా ఇక్కడే. ఫలానా తూము కింద ఎవరెవరి పొలాలో చెప్పేవాళ్లు కావాలి. అధికారులు ఫోన్ ఎత్తట్లేదు, వాళ్లూ డ్యాం మీదే ఉన్నారు. సంచిలో కాగితం ఉందని గుర్తొచ్చింది. ఆ మండలాధ్యక్షుడికి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తాడు.

ఫోన్‌లైన్లో మాట్లాడించాం. కాగితం చూడకుండా చెప్పాడు. ఏ కాలువకు ఎన్ని రోజుల నీళ్లు మిగులుతాయి, ఏ పంటకు ఎన్ని తడులు కావాలి. ఎవర్నీ తిట్టలేదు. తను ఒకప్పుడు ఏం చేశాడో ఎత్తలేదు.

17 ఆగస్టు, శనివారం

నీళ్లు ఆగాయి. గేటు బదులు అడ్డంగా దించే స్టాప్‌లాగ్ మొదటిది నిన్న దిగింది, ఇవాళ మిగిలినవి. పారే నీళ్లలోనే దించారు. కన్నయ్యనాయుడు గారు దగ్గరుండి చేయించారు. గేట్ల నిపుణుడు. చాలా పెద్ద వయసు. ఉద్యోగం ఎప్పుడో అయిపోయింది. ప్రభుత్వాలు ఆయన ఇంటికి కబురు పంపాయి, ఆయన వచ్చేశారు.

ఈ వార్త చదువుతుంటే గొంతు లేవబోయింది. ఆపుకున్నాను. సంతోషం జనానిది. నేను చెప్పాల్సింది ఎన్ని స్టాప్‌లాగ్‌లు దిగాయో, ఎంత నీరు నిలిచిందో.

తాత రేడియో పక్కన పెట్టి టీవీకి దగ్గరగా జరిగి విన్నాడంట. జేజి చెప్పింది.

24 ఆగస్టు, శనివారం

సార్‌తో మాట్లాడాను. భయపడుతూనే. జూన్‌లో చెప్పిన లెక్క మారాలన్నాను. ప్రకటనలు ఆగితే ఎవరు ఇస్తారని ఆయన అడిగారు. ఆ రాత్రి ఫోన్ ఎత్తిందెవరో గుర్తుచేశాను. ఎప్పుడో దిగిన మనిషి. ఆయన దగ్గర ఊరి నీళ్ల లెక్క ఉంది. అట్లాంటి వాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. సర్పంచులు, సమితి సభ్యులు, నీటి సంఘాల అధ్యక్షులు. వాళ్ల మాట వినబడకపోతే ఆ లెక్క కూడా పోతుంది.

సార్ వెంటనే ఏమీ అనలేదు. పోయే ముందు, "సోమవారం నుంచి చూద్దాం" అన్నారు. ఎన్నాళ్లు నిలబడుతుందో తెలీదు.

తాత దగ్గర కూచుని నంబర్లు రాసుకున్నాను. కొన్ని కలవవు, కొందరు లేరు. ఉన్నవాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాడు ఆయన. "మా పాప అడుగుతాది. నిజం చెప్పు. పార్టీ సంగతి వద్దు."

సోమవారం ఎల్లెల్సీ చివరి ఆయకట్టు. ఇప్పుడు పదవిలో ఉన్నాయన మాట 30 సెకన్లు, దిగినాయన మాట 30 సెకన్లు. సమయం నేనే చూస్తాను. గొంతు కూడా.